వెడల్పు మూతి కేబుల్

ముందుగా ఒక మాట. నేను యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా తప్పిపోతే మన్నించండి. ఒక్కో పేజీ రాయడానికి నాకు రెండు మూడు రోజులు పడుతుంది, కాబట్టి కథ కూడా నాలాగే మెల్లగా నడవొచ్చు. కానీ ఇది వేగం గురించిన కథ.

దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో వెనక గల్లీలో, మిర్చి బజ్జీల బండికీ స్టీలు సామాన్ల దుకాణానికీ నడుమ, కృష్ణకుమారి షాపు ఉండేది. పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసేది, ఫొటోలు డిస్కుల్లోకి ఎక్కించేది, కంప్యూటర్‌కు ప్రింటరో కెమెరానో తగిలించడం రానివాళ్లకు తగిలించి చూపేది. నల్గొండ పక్క పల్లె నుంచి కోడలిగా వచ్చి ఎల్బీ నగర్‌లో కాపురం పెట్టింది. భర్త మహిపాల్ ఆర్టీసీ డ్రైవరు.

షాపులోకి అడుగు పెట్టినవాళ్ల కళ్లు ముందు గోడ మీదికే పోయేవి. ఈ చివర నుంచి ఆ చివర దాకా మేకులు, ఒక్కో మేకుకు ఒక్కో రకం కేబుల్. ప్రతి కేబుల్ మెడకూ ఒక గుడ్డపీలిక కట్టి ఉండేది. ఎర్ర పీలిక ఉంటే అది ఫోన్‌కు కరెంటు ఎక్కించడానికే, దాంట్లోంచి ఒక్క ఫొటో కూడా పోదు. పసుపు పీలిక ఉంటే ఫొటోలూ సినిమాలూ పోతాయి గానీ తీరిగ్గా పోతాయి. నీలం పీలిక కట్టినవి అన్నిటికన్నా వేగంగా పంపేవి, కొన్నే ఉండేవి. పొట్టిగా, లావుగా, మూతి లోపలి నాలుక కూడా నీలంగా ఉండేవి. కొత్త కేబుల్ వస్తే అట్ట మీది రాతను కృష్ణకుమారి నమ్మేది కాదు. దానితో ఒక పెళ్లి వీడియోను ఇటు నుంచి అటు పంపి, ఎంత సేపట్లో పోయిందో చూసి, అప్పుడు పీలిక కట్టేది. మధ్యలో ఆగిపోయిన కేబుల్‌ను కత్తెరతో రెండు ముక్కలు చేసి పారేసేది.

"మంచిగున్నది గదా వదినె, గట్ల నరుకుతున్నవేంది?" అని ఆటో సైదులు నవ్వేవాడు. మహిపాల్‌కు తమ్ముడి వరస. షాపు ముందు ఆటో పెట్టుకుని, బేరం లేనప్పుడు లోపలే కూర్చునేవాడు.

"పైకి మంచిగున్నదే ఎక్కువ పరేషాన్ చేస్తది. నీ లెక్క," అనేది కృష్ణకుమారి.

అది సకల జనుల సమ్మె నడుస్తున్న ఏడాది. దసరా వెళ్లి వారం దాటింది. బస్సులు డిపోలోంచి కదలలేదు. మహిపాల్ పొద్దున్నే మెడలో గులాబీ కండువా వేసుకుని ఎల్బీ నగర్ చౌరస్తాలో దీక్షకు కూర్చునేవాడు. బొగ్గు గనుల్లోనూ సమ్మె కావడంతో కరెంటు ఇష్టం వచ్చినప్పుడు వచ్చేది, ఇష్టం వచ్చినప్పుడు పోయేది. ఆ పక్క మాత్రం కొన్నాళ్లుగా మధ్యాహ్నం పన్నెండుకు వచ్చి మూడింటికి పోతోంది. బడులు మూతపడ్డాయి, కోచింగ్ సెంటర్లూ మూతపడ్డాయి. ఎప్పుడూ పిల్లలతో కిటకిటలాడే దిల్‌సుఖ్‌నగర్ గల్లీలు పండగకు ఊళ్లెళ్లిపోయిన ఇళ్లలా ఉన్నాయి.

అలాంటి కోచింగ్ సెంటర్లలో ఒకదాంట్లో రామమోహనరావు గారు ఫిజిక్స్ చెప్పేవారు. తెనాలి మనిషి. కొత్తపేటలో ఇల్లు కట్టుకుని చాలా ఏళ్లయింది. పాఠం చెబుతుంటే వెనక బెంచీవాడు కూడా కునుకు తీయలేడని పేరు. ఆయన గొంతు అలాంటిది. ఆ గొంతులోనే ఏదో గడ్డలాంటిది లేచింది. ఆపరేషన్ చేయాలి, తర్వాత మాట ఎలా వస్తుందో ముందే చెప్పలేమన్నారు డాక్టర్లు. కోచింగ్ ఎలాగూ మూతపడటంతో అప్పటి నుంచీ ఆయన ఇంట్లోనే కూర్చుని, ఏడాది పాఠాలన్నీ కెమెరా ముందు చెప్పేశారు. కొడుకు శ్రీకర్ ఇంజినీరింగ్ చదువుతున్నాడు, వాడే తీశాడు. ఆఖరి పాఠం అయ్యేసరికి గొంతు పూర్తిగా పూడుకుపోయింది. ఇక ఒక్క మాట కూడా మాట్లాడొద్దని డాక్టరు చెప్పడంతో సారు చేతిలోకి చిన్నపిల్లల పలక వచ్చింది.

ఆ పాఠాలన్నీ అరచేతిలో పట్టే ఒక నల్లటి హార్డ్ డిస్కులో ఉన్నాయి. ఇంకో కాపీ లేదు.

ఆ పాఠాలు ఇక్కడి పిల్లలకు వదిలి వెళ్తానని సారు కృష్ణకుమారికి చెప్పారు. సారు మాట మీద ఆమె మీర్‌పేట్, బడంగ్‌పేట్ దాకా తల్లిదండ్రులకు చెప్పుకుంది. "సారు పాఠాలు నా షాపుల ఉంటయి, పిల్లలను తోలుండ్రి, చూసుకోనీకి నేనిస్త," అని. ఆపరేషన్ గుంటూరులో. మర్నాటి నుంచి రైళ్లు ఆపేస్తారని, రోడ్లూ మూసేస్తారని అంటున్నారు. సారు భార్య సీతామహాలక్ష్మి గారి తమ్ముడు కారు తీసుకొచ్చాడు, అందరూ అందులో ముందు షాపుకే వచ్చారు. మూడింటికి బయలుదేరాలి.

"డిస్కు పెట్టి పొండ్రమ్మా, కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు ఎక్కించుకుంట. మహిపాల్‌తోని పంపిస్త," అంది కృష్ణకుమారి.

సీతామహాలక్ష్మి గారు మంచి మనిషే. ఎప్పుడొచ్చినా ఇంట్లో వండిందేదో ఒకటి స్టీలు డబ్బాలో పెట్టుకొచ్చేవారు. కానీ ఆ రోజు డిస్కును పమిట చెంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"వద్దమ్మా. రేపు ఆపరేషనయ్యాక ఏమవుతుందో ఎవరికి తెలుసు? ఆయన గొంతు దీంట్లోనే ఉంది. ఇది నా ఒళ్ళోంచి దిగదు. ఎక్కించుకుంటానంటే ఇక్కడే, నా కళ్ల ముందే ఎక్కించుకో."

సారు పలక మీద ఏదో రాయబోయారు. ఆమె చూడలేదు. ఆయన చెరిపేసి కిటికీ వైపు తిరిగారు.

ఆ ఒడిలోంచి దాన్ని అడగడం తప్పని కృష్ణకుమారికి అనిపించింది. మూడింటిలోగా ఎక్కితే పాఠాలు ఇక్కడుంటాయి, లేదంటే కారెక్కి పోతాయి. అంతే.

పన్నెండు దాటాక కరెంటు వచ్చింది. శ్రీకర్ జేబులోంచి ఒక కేబుల్ తీశాడు. ఫోన్‌కు వాడేది. ఒక కొన డిస్కులో పెట్టాడు. రెండో కొన అమ్మ కుర్చీ నుంచి కంప్యూటర్ దాకా అందకపోయేసరికి, దానికి ఇంకో పొడుగు తీగ కలిపి తగిలించాడు. కంప్యూటర్ డిస్కును గుర్తు పట్టింది. ఎక్కించడం మొదలైంది. తెర మీద చిన్న పెట్టె లేచి, ఇంకా ఐదు గంటలకు పైనే పడుతుందని చెప్పింది.

"అయ్యో!" అన్నారు సీతామహాలక్ష్మి గారు.

"ఆపు తమ్మీ," అంది కృష్ణకుమారి. "అమ్మా, మీరు జర కుర్చీ తీసుకొని గీడికి రండ్రి. కంప్యూటర్ డబ్బా పక్కకే కూసోండ్రి. డిస్కు మీ ఒళ్ళనే ఉంటది, పొడుగు తీగ అక్కర్లేదు."

"ఆ తీగకేమైందమ్మా?" అన్నారామె.

"అది అడ్డం. దారి పొడుగైన కొద్దీ, అతుకులు పెరిగిన కొద్దీ సత్తువ పోతది. వయసు మీద పడ్డ మనిషి లెక్కనే."

"నన్నేనా అంటున్నావ్?"

"మా అత్తను అంటున్న లెండ్రి."

కుర్చీ జరిపారు. డబ్బా వెనక, వేగంగా పోయే కేబుళ్ల కోసం ఉండే నీలం నోట్లో తగిలించింది కృష్ణకుమారి. కొంచెం నయమైంది గానీ అంతగా కాదు. ఇప్పుడు నాలుగున్నర గంటలంటోంది.

ఆమె డిస్కు వైపు చూసింది. చేత్తో ముట్టుకోలేదు, వంగి చూసింది. డిస్కు అంచున ఉన్న నోరు వెడల్పుగా ఉంది, రెండు గదుల ఇల్లులా. ఒకటి పెద్ద గది, దాని పక్కన చిన్న గది. ఫోన్ కేబుల్ పెద్ద గదిలో మాత్రమే కూర్చుంది. చిన్న గది ఖాళీ.

ఆమె లేచి గోడ దగ్గరికి వెళ్లి, నీలం పీలిక కట్టిన పొట్టి కేబుల్ తీసుకొచ్చింది. దాని మూతి కూడా వెడల్పే. రెండు గదులకూ సరిపోయేలా రెండు భాగాలు ఉన్నాయి.

"తమ్మీ, దీని కేబుల్ గిది. గా ఫోన్‌ది సగం తలుపులనే దూరుతున్నది. అందుకే సగం గూడ నడుస్తలేదు."

శ్రీకర్ తల అడ్డంగా ఊపాడు. "అది పట్టదక్కా. డిస్కుతో అలాంటిదే ఒకటి ఇచ్చాడు షాపువాడు. పట్టలేదు. తప్పు కేబుల్ ఇచ్చాడని డ్రాయర్లో పడేశాను. ఫోన్ కేబుల్ పెడితే హాయిగా పట్టింది."

"చూద్దాం."

సీతామహాలక్ష్మి గారు డిస్కును ఒళ్ళోనే గట్టిగా పట్టుకున్నారు. కృష్ణకుమారి తెర మీద పని ఆపి, ఫోన్ కేబుల్ తీసేసి, ఆమె ముందు నేల మీద మోకాళ్ల మీద కూర్చుంది. కేబుల్ మూతిని ఆనించింది. పెద్ద భాగం దూరింది, చిన్న భాగం దగ్గర ఆగిపోయింది. శ్రీకర్ చెప్పింది నిజమే. అక్కడున్నవాళ్లలో ఎవరైనా అయితే కాస్త నొక్కి చూసేవాళ్లు. సైదులు అదే అన్నాడు.

"జర గట్టిగ దొబ్బు వదినె, పోతది."

"నీ ఆటో కాదురా, సారు గొంతు."

ఆమె కేబుల్‌ను వెనక్కి తీసింది. కరెంటు వచ్చి అప్పటికే చాలాసేపయింది. షాపు బయట కారు హారన్ ఒకసారి మోగింది, సీతామహాలక్ష్మి గారి తమ్ముడు తొందరపడుతున్నాడు.

"తమ్మీ, ఒక మాట చెప్పు. కొన్న రోజు గా కేబుల్ పట్టిందా?"

శ్రీకర్ ఆలోచించాడు. "పట్టింది... అవును. మొదటి పాఠాలు దాంతోనే ఎక్కించాను. చకచకా ఎక్కేశాయి కూడా. తర్వాతే పట్టలేదు."

"తర్వాత అంటే ఎప్పటి సంది?"

"దసరా సెలవుల్లో అనుకుంటా."

కృష్ణకుమారి తలెత్తి సీతామహాలక్ష్మి గారి మొహం చూసింది. "అమ్మా, దసరాకు దీన్ని పూజల పెట్టిన్రా?"

"పెట్టకుండా ఎలా ఉంటాం? మూలా నక్షత్రం నాడు సరస్వతీ పూజ. పుస్తకాల మధ్య పెట్టాను. ఆయన విద్యంతా దీంట్లోనే ఉందాయె. పసుపూ కుంకుమా పెట్టి, అక్షింతలు వేసి..." ఆమె మాట మధ్యలో ఆగింది.

కృష్ణకుమారి ఫోన్ లైటు వేసింది. డిస్కు వెడల్పు నోట్లోకి వెలుగు పడింది. పెద్ద గది నల్లగా, శుభ్రంగా ఉంది. చిన్న గదిలో, లోపలికంటా, పసుపు పచ్చగా ఏదో మెరిసింది. చుట్టూ ఎర్రటి కుంకుమ గట్టిపడి ఉంది. అక్షింతల బియ్యంలోంచి ఒక నూక నేతిలో తడిసి జారిపోయి, ఆ చిన్న గదిలో సరిగ్గా అమరిపోయింది.

ఎవరూ నవ్వలేదు. సీతామహాలక్ష్మి గారు డిస్కును వెలుగులోకి వంచి చూసుకున్నారు. "నేనే పాడు చేశానా?"

"పాడెక్కడమ్మా! అన్ని నోర్లు వదిలి చదువు పొయ్యే నోట్లకే పోయిందంటే అక్షింత గూడ ఖతర్నాక్‌దే." కృష్ణకుమారి వెనక్కి తిరగకుండానే చెయ్యి చాపింది. "సైదులూ, చీపురు పుల్ల ఇయ్యి. సన్నంది, గట్టిది. పిన్నీసు వద్దు, ఇనుము తాకొద్దు."

డిస్కుకు తగిలించిన కేబుళ్లన్నీ అప్పటికే తీసేసి ఉన్నాయి. ఆమె చీపురు పుల్ల కొనను బ్లేడుతో చెక్కి సన్నం చేసింది. సీతామహాలక్ష్మి గారి మోకాళ్ల మీద డిస్కును నోరు కిందికి వచ్చేలా వాల్చమంది. "మీరే పట్టుకోండ్రి. కదలొద్దు." ఆమె ఊపిరి బిగబట్టి పట్టుకున్నారు. సారు పలక పక్కన పెట్టి, ఫోన్ లైటు అందుకుని, సరిగ్గా కావలసిన చోట వెలుగు పడేలా వంచారు. ప్రయోగశాలలో పిల్లలకు చూపేటప్పుడు అలాగే వంచేవారేమో, చెయ్యి ఏమాత్రం కదల్లేదు. కృష్ణకుమారి పుల్లతో నూక వెనక నుంచి కాకుండా పక్క నుంచి మెల్లగా కదిపింది. కొంచెం కుంకుమ రాలింది. మళ్లీ కదిపింది. లోపలి సన్నటి ఇత్తడి పళ్లు తగలకుండా పుల్లను నిలబెట్టి, ఇంకోసారి.

నూక సీతామహాలక్ష్మి గారి చీర మీద పడింది.

ఆమె దాన్ని వేళ్లతో తీసి, కళ్లకద్దుకుని, కొంగున ముడి వేసుకున్నారు. అప్పుడు నవ్వారు అందరూ. సారు కూడా నవ్వబోయి, గొంతు మీద చెయ్యి వేసుకుని ఆపుకున్నారు.

కృష్ణకుమారి మెత్తటి బ్రష్‌తో కుంకుమ దులిపింది. వెడల్పు మూతి కేబుల్ ఆనించింది. నొక్కక్కర్లేకుండానే, తాళంచెవి తన తాళంలోకి పోయినట్టు, రెండు భాగాలూ ఒకేసారి లోపలికి పోయాయి. రెండో కొన నీలం నోట్లో పెట్టింది. తెర మీద పెట్టె లేచింది. మొదట పెద్ద అంకె చూపి, ఒక్క క్షణంలో తగ్గుతూ, తగ్గుతూ వచ్చి గంటన్నర దగ్గర నిలబడింది.

శ్రీకర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "మూడు రెట్లు! అక్కా, మూడు రెట్లు!"

సారు పలక తీసుకుని రెండు గీతలు గీశారు. ఒకటి సన్నది, దాని పక్కన వెడల్పైనది. కింద "పాత దారి, కొత్త దారి. కొత్త దారి మూసుకుంటే పాత దారిలో పోతుంది, ఆగదు. అందుకే మనకు తెలియలేదు" అని రాసి సైదులుకు చూపించారు.

సైదులు చదివి, "అంటే మా ఎల్బీ నగర్ చౌరస్త లెక్కనా సార్? పెద్ద రోడ్డు మూస్తే గల్లీలకెళ్లి పోతం," అన్నాడు. సారు పలక మీద పెద్ద సున్నా చుట్టి, లోపల పదికి పది వేశారు.

"గిప్పుడు ఇస్తరా సార్ మార్కులు! నేను పదోది తప్పినప్పుడు మీరెక్కడున్నరు?"

పని నడుస్తోంది. సీతామహాలక్ష్మి గారు డిస్కును ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నారు. అది వెచ్చబడింది. "చంటిపిల్లలా వెచ్చగా ఉంది," అన్నారు. కేబుల్ పొట్టిది కావడంతో ఆమె మోకాలు కంప్యూటర్ డబ్బాకు ఆనుకునే ఉంది. కాలు తిమ్మిరెక్కినా జరగలేదు. కృష్ణకుమారి ఒక ఎత్తు పీట తెచ్చి పాదం కింద పెట్టింది.

రెండు దాటాక గల్లీలో అరుపులు వినిపించాయి. "జై తెలంగాణ!" బంద్ చేయించే పిల్లలు వస్తున్నారు. సగం దించిన షట్టర్ మీద ఎవరో చరిచారు.

"అక్కా! దుకాణం తెరిచినవా? మహిపాలన్న దీక్షల కూసున్నడు, నువ్వు యాపారం చేస్తున్నవా?"

సీతామహాలక్ష్మి గారు డిస్కు మీద పమిట కప్పారు. సైదులు వంగి షట్టర్ కిందినుంచి బయటికి వెళ్లాడు.

"యాపారం కాదురా, మీ తమ్ముళ్ల చదువు ఎక్కిస్తున్నది. తెలంగాణ వచ్చినంక డాక్టర్లు, ఇంజినీర్లు ఏడికెళ్లి వస్తరు, ఆకాశంల నుంచా? లోపల రామమోహనరావు సారున్నడు."

ఆ పేరు వినగానే ఒక కుర్రవాడి తల షట్టర్ కింద కనిపించింది. సారును చూసి వాడు చటుక్కున నిలబడబోయాడు, నెత్తికి షట్టర్ తగిలింది.

"నమస్తే సార్! నేను పోయినేడాది... వెనక బెంచీల... గొంతెట్లున్నది సార్?"

సారు పలక మీద "రేపు తెలుస్తుంది" అని రాసి చూపించారు. వాడు చదివి, దండం పెట్టి, వెనక్కి వెళ్లిపోయాడు. బయట వాడి గొంతు, "నడువుండ్రి, నడువుండ్రి, గీడ ఏం లేదు," అంది. నినాదాలు పక్క గల్లీలోకి మళ్లాయి.

మూడు కావస్తుండగా పని ముగిసింది. శ్రీకర్ చేయి చాచి కేబుల్ లాగబోతే కృష్ణకుమారి చేయి అడ్డం పెట్టింది. "గట్ల పీకొద్దు. ముందు సెలవు చెప్పాలె దానికి." తెర మీద నొక్కి, డిస్కు దీపం ఆరేదాకా ఆగి, అప్పుడు మెల్లగా తీసింది. ఎక్కిందని తెర చెప్పినా నమ్మలేదు. తన కంప్యూటర్లో దిగిన పాఠాల్లోంచి మధ్యలో ఒకటి తెరిచింది. అది ఆమె అలవాటు. కొత్త కేబుల్ అట్టను నమ్మని మనిషి తెర మాటను మాత్రం నమ్ముతుందా?

స్పీకర్లలోంచి రామమోహనరావు గారి గొంతు వచ్చింది. నిండుగా, గంభీరంగా, అక్కడక్కడ పిల్లలను ఆటపట్టిస్తూ. కరెంటు ఎలా పారుతుందో చెబుతున్నారు. "దారి వెడల్పుగా ఉంటే అడ్డు తక్కువ, నాయనా. దారి పొడుగైతే అడ్డు ఎక్కువ. ఇంత చిన్న మాట గుర్తుపెట్టుకోలేక మీరు నన్ను ఏడిపిస్తారు."

కృష్ణకుమారి సీతామహాలక్ష్మి గారి వైపు చూసింది. పొడుగు తీగ సంగతి ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఆమె పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియలేదు. సారు తన గొంతు తానే వింటూ, కుర్చీ అంచున, పరీక్ష రాసే పిల్లవాడిలా కూర్చున్నారు. పాఠం సగంలో ఉండగా కరెంటు పోయింది. గొంతు మాట మధ్యలో ఆగింది.

ఆ నిశ్శబ్దంలో సీతామహాలక్ష్మి గారు లేచారు. మెల్లగా డిస్కును పమిటలోంచి తీసి, కృష్ణకుమారి చేతిలో పెట్టారు.

"ఉండనీ అమ్మా. నా కళ్ల ముందే ఎక్కింది. ఇక ఎక్కడున్నా ఒకటే."

కృష్ణకుమారి దాన్ని తిరిగి ఆమె చేతిలోనే పెట్టింది. "రెండు చోట్ల ఉండాలమ్మా. గుంటూరుల ఒకటి, గీడ ఒకటి. అప్పుడే ఎక్కినట్టు." గోడ మీది నీలం పీలిక కేబుల్ చుట్ట చుట్టి దానితో పాటే ఇచ్చింది. "వచ్చే దసరాకు గూడ పూజ చెయ్యిండ్రి. దీని మూతికి జర బట్ట కట్టుండ్రి."

కారు కదిలింది. సారు పలక మరిచిపోయి షాపులోనే వదిలేశారు.

ఆపరేషన్ తర్వాత ఆయనకు గొంతు తిరిగి వచ్చింది, కానీ సన్నగా, ఇంటి మనుషులకు వినబడేంత వరకే. తరగతి గదికి సరిపోయే గొంతు ఆ పాఠాల్లోనే మిగిలింది. మీర్‌పేట్ పిల్లలూ బడంగ్‌పేట్ పిల్లలూ వాటితోనే ఆ ఏడాది పరీక్షలు రాశారు. కృష్ణకుమారి ఎంతమందికి ఎక్కించి ఇచ్చిందో లెక్క పెట్టుకోలేదు. ఎక్కించిన ప్రతిసారీ ఒక పాఠం తెరిచి కొంచెం విని, సరిగ్గా ఉందన్నాకే ఇచ్చేది.

ఆ పలక మీదే ఆమె నాకు అ, ఆ దిద్దించింది. సైదులు నా కొడుకు. వాడికి అన్నం తీసుకుని షాపుకు పోయినప్పుడల్లా ఇదంతా ఆమె నోటే విన్నాను.

ఈరమ్మ, అరవై ఆరేళ్లు. ఇప్పుడు ఉండేది కర్మన్‌ఘాట్‌లో, హనుమాన్ గుడి వెనక గల్లీలో.